బొగ్గుల గదిలో ఆరని బట్టలు

"ఏటే, బట్టలు ఎండలోనే ఆరేస్తన్నావా?"

"ఎండలోనే అత్తా."

మా మేనత్తకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మర్నాటికి ఆమె లేదు. మంచం చుట్టూ ఉన్నవాళ్ళు జ్వరంలో ఏదో పలవరిస్తోందనుకున్నారు. పోయేముందు దేవుణ్ణి తలుచుకోవాలి గాని బట్టల గొడవేమిటని ఒకావిడ పక్కకు తిరిగి నవ్వుకుంది కూడా. ఆ ప్రశ్న దేని గురించో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు ఈ లోకంలోనే నాకొక్కదానికి తెలుసు. నేనూ పోతే ఇక అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. అందుకే చెబుతున్నాను.

నా బడి చదువు హిందీలో, తెలుగు నాకు కూడబలుక్కుని నాలుగు అక్షరాలు చదవడమే తప్ప రాయడం రాదు. నా మనవలకు తెలుగు నోట్లో ఉంది గాని చేతిలో లేదు, వాళ్ళ చదువూ హిందీలోనే. విజయనగరం నుంచి కాపరానికి వచ్చిన మా చెల్లెలి కోడలు నా ఎదురుగా కూర్చుని రాస్తోంది. మన తెలుగు ఆడవాళ్ళంతా కలిసి పుస్తకం వేస్తున్నారట, చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పమన్నారు. పండగల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఇది చెబుతాను.

నా చిన్నప్పుడు మేము బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. బొగ్గు ఇంజన్లు నడిచే రోజులవి. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి చొక్కా ఏ రంగో చెప్పలేనంత జిడ్డు ఉండేది. మా అమ్మ ఆ బట్టల్ని డేగిసాలో వేసి, చాకలి సోడా పోసి, పొయ్యి మీద ఉడికించేది. ఆ నీళ్ళు పడితే సిమెంటు గచ్చు కూడా తెల్లబడేది. ఉడికించిన బట్టల్ని ఇంటి ముందు తీగ మీద, నడి ఎండలో ఆరేసేది. ఎండలో ఆరే హక్కు మా ఇంట్లో నాన్న బట్టలకు ఉండేది, చీరలకు ఉండేది, దుప్పట్లకు ఉండేది. ఆడవాళ్ళ లోపలి బట్టలకు మాత్రం లేదు.

వాటికి బొగ్గుల గది. ప్రతి క్వార్టరుకూ పెరటి మూల ఒక చిన్న గది ఉండేది, పొయ్యిలోకి బొగ్గు పోసుకోవడానికి. కిటికీ లేదు. తలుపు వంగి దూరాలి. మగవాళ్ళు ఎవరూ అటు వెళ్ళరు కాబట్టి మా వరసలో ఉన్న తెలుగు ఆడవాళ్ళందరూ ఎవరి బొగ్గుల గదిలో వాళ్ళు, బొగ్గు కుప్ప పైన అడ్డంగా ఒక తాడు కట్టుకుని, కనబడకూడని బట్టలన్నీ ఆరేసుకునేవారు. ఆరేసుకునేవారు అని అంటున్నాను గాని అవి ఆరేవి కావు. వానాకాలంలో అయితే పొద్దున వేసినవి మర్నాడు కూడా చల్లగా చేతికి తగిలేవి. వాటి మీద నల్లటి పొడి. ఒకసారి దులుపుకుని అవే కట్టుకునేవాళ్ళం. అది తప్పని ఎవరికీ తోచలేదు. నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మ నాకు ఇచ్చిన ఉపదేశమంతా ఆ తాడు చూపించడమే. "నీవి ఈ కొసని ఎయ్యి" అంది. అంతే. ఎందుకో, ఏమిటో, ఇంకా ఏమేం జరుగుతుందో చెప్పలేదు. ఆమెకూ ఎవరూ చెప్పి ఉండరు.

మా మేనత్త మాతోనే ఉండేది. నాన్నకు చెల్లెలు. నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో ఒక రేకు పెట్టెతో రైలు దిగి వచ్చింది, మళ్ళీ వెళ్ళలేదు. శ్రీకాకుళం పక్క ఏదో పల్లెలో ఆమె అత్తవారిల్లు. భర్త బతికే ఉన్నాడు, ఇంకొకామెను చేసుకున్నాడు. ఎందుకు పంపించేశారో ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. ఆమె వసారాలో నులకమంచం మీద పడుకునేది. పనంతా చేసేది. మాట్లాడేది తక్కువ గాని మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్ళు ఒక నిమిషం ఆగి నవ్వాల్సిందే. కాలనీలో ఎవరి ఇంట్లో శ్రీమంతమైనా, బారసాలైనా ఆమెను వంటకు పిలిచేవారు, పేరంటానికి పిలిచేవారు కాదు. ఆమె వండి, చేతులు కడుక్కుని, పెరటి దారిన ఇంటికి వచ్చేసేది.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఎనిమిదో క్లాసుకు వచ్చిన ఏడు, లంగా లోపల తెల్లగా కనిపించడం మొదలైంది. తడిగా ఉన్నప్పుడు గుడ్డు తెల్లసొనలా ఉండేది. ఆరితే గంజి పెట్టినట్టు బిరుసుగా, కొంచెం పసుపుగా మరక. నొప్పి లేదు, వాసన లేదు, ఏమీ లేదు. కొన్నాళ్ళు ఉండేది, కొన్నాళ్ళు ఉండేది కాదు. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ఒకర్తె ఉండేది. దానికి అన్నీ తెలుసని మా అందరి నమ్మకం. దాన్ని అడిగాను. అది గొంతు తగ్గించి, దాన్ని తెల్లబట్ట అంటారని, ఒంట్లో ఎముకలు కరిగి అలా బయటికి పోతాయని, మూలుగ అంతా అయిపోతే మనిషి పోతుందని చెప్పింది. వాళ్ళ నాయనమ్మ చెప్పిందట.

ఆ రోజు నుంచి నా ఎముకలు నేనే చూసుకునేదాన్ని. మణికట్టు చుట్టూ వేళ్ళు బిగించి సన్నబడిందా అని చూసేదాన్ని. పడుకున్నాక మోకాలి కింద ఎముకను బొటనవేలితో నొక్కి, మెత్తబడిందేమోనని ఏడ్చేదాన్ని. పక్కనే అమ్మ పడుకుని ఉండేది. ఆమె చెయ్యి నాకు తగులుతూనే ఉండేది. అయినా అంత ఒంటరితనం నాకు మళ్ళీ, మా ఆయన పోయిన తర్వాత కూడా, తెలియలేదు. ఆయన పోయినప్పుడు పది మంది వచ్చి ఏడ్చారు. చిన్నప్పటి ఆ రాత్రుళ్ళలో నేను పోతున్నానని నాకొక్కదానికే తెలుసు.

బతకాలని ఉండేది. అందుకని ఒక ఉపాయం చేశాను. ఇంజను జిడ్డును వదిలించే సోడా దీన్ని వదిలించదా అనుకున్నాను. అమ్మ డబ్బాలోంచి చారెడు తీసి, నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళతో కడుక్కోవడం మొదలుపెట్టాను. మంట పుట్టేది. మంట పుట్టిందంటే పని చేస్తోందనుకున్నాను. కొన్నాళ్ళకు మంట తగ్గడం మానేసింది. దురద మొదలైంది. అంతకుముందు లేని వాసన వచ్చింది, విరిగిన పాలలాగా ముద్దలు ముద్దలుగా రావడం మొదలైంది. ఎముకల్లో మూలుగ దాకా వచ్చేసిందని అనుకున్నాను. ఇంకా ఎక్కువ సోడా వేశాను.

డబ్బాలో సోడా తరిగిపోతుంటే మా అమ్మకు అనుమానం వచ్చింది. స్నానాల గది తలుపు తోసింది. నా చేతిలో చెంబు, కింద సోడా నీళ్ళు. నేను అంతా చెప్పాను. చెబితే దగ్గరకు తీసుకుంటుందనుకున్నాను. ఆమె ముందు వీధి తలుపు వేసి వచ్చింది.

"ఎవలికైనా సెప్పినావేటి?"

"నేదు."

"సెప్పకు. మీ అత్తని ఎందుకు పంపించేసినారనుకున్నావు? ఇందుకే. తెల్లబట్ట ఉన్నాది, పిల్లలు పుట్టరని పంపించేసినారు. ఈ మాట బయటికి ఎల్తే నీ గతీ అంతే."

మా మేనత్త సంగతి నాకు అలా తెలిసింది. చనిపోతానన్న భయం మీద ఇంకో భయం వచ్చి కూర్చుంది. ఒకవేళ చావకపోతే ఆమెలా అవుతాను. రేకు పెట్టెతో రైలు దిగుతాను. నా మంచం ఎవరి వసారాలో వేస్తారో అని ఆలోచించాను. అప్పటికి నాకు పదమూడో పద్నాలుగో.

అమ్మ తనకు తోచిన వైద్యం చేసింది. వేడి చేసిందంది. గుడ్డు, బెల్లం, మామిడిపండు మాన్పించింది. పొద్దున్నే నానేసిన మెంతులు మింగించింది, బార్లీ నీళ్ళు తాగించింది. బడి మాన్పించింది. జ్వరమని మాస్టారికి కబురు పంపింది. ఆమె చెడ్డది కాదు. భయపడింది. భయపడిన మనిషి తలుపులు వేసుకుంటుంది గదా.

నేను కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే మా మేనత్త చూస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం నేను బొగ్గుల గదిలో తాడు మీద బట్ట వేస్తుంటే వెనక వంగి లోపలికి వచ్చింది. నేను బట్టను వెనక దాచుకున్నాను. ఆమె అడగలేదు, చెయ్యి చాపింది. ఇచ్చాను. తాడు మీద ఉన్న ఇంకో దాన్ని కూడా తీసి రెండూ తలుపు దగ్గర వెలుగులో చూసింది. మొన్న వేసినది ఇంకా తడిగానే ఉంది. ఆమె వేళ్ళు నల్లబడ్డాయి.

"దురదా?" అంది.

తల ఊపాను.

"మంటా?"

దానికీ ఊపాను.

"మొదట్నుంచీనా, మద్దెన వొచ్చిందా?"

మధ్యలో వచ్చిందన్నాను. సోడా సంగతి చెప్పాను. ఎముకల సంగతి కూడా చెప్పాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. సన్నబడిందో లేదో ఆమె కూడా చూస్తోందేమోనని నాకు ఇంకా భయం వేసింది. ఆ తర్వాత తెలిసింది, అప్పటికి ఆమెకూ తెలియదు. ఎముకలు కరుగుతాయనే ఆమె కూడా అనుకునేది. ఇన్నేళ్ళుగా కరుగుతున్నా ఇంకా ఎందుకు నడుస్తున్నానో తెలియక ఊరుకునేది.

ఆ సాయంత్రం వంటింట్లో ఇద్దరికీ గొడవైంది. గొడవంటే అరుపులు కాదు. పక్క క్వార్టరుకు గోడ ఒకటే కాబట్టి మా కాలనీలో గొడవలన్నీ గుసగుసలే.

"రేపు గుంటని ఆస్పత్రికి తీస్కెల్తాను ఒదినా."

"అక్కడ లైన్లో కూకునేది అందరూ మనోళ్ళే. ఒకలు విన్నారంటే సాయంత్రానికి షెడ్డు దాకా ఎల్తాది. దీనికి పెళ్ళవుద్దా?"

"నాకు బాగోనేదని సెప్తాను."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "నీకా?"

"నాకే. నా గురించి అనుకోడానికి కొత్తగా ఏటి మిగిలింది గనక?"

అమ్మ మళ్ళీ గరిటె తిప్పడం మొదలుపెట్టింది. ఆమెను ఒప్పించింది ఆ మాటే అనుకుంటాను.

మర్నాడు రైల్వే ఆస్పత్రికి వెళ్ళాం. లేడీ డాక్టరు గది ముందు బల్లల మీద ఆడవాళ్ళు నిండిపోయి ఉన్నారు. అమ్మ చెప్పినట్టే సగం మంది మన వాళ్ళు. మా వెనక వరస క్వార్టరులో ఉండే డ్రైవరు గారి భార్య జరిగి చోటిచ్చింది. ఇచ్చినందుకు కిరాయి వసూలు చేసుకునే రకం ఆమె.

"ఏటమ్మా, ఎవలికి బాగోనేదు? గుంటకా?"

"గుంటకి ఏటి రోగం, రాయిలాగుంది. నాకే అప్పా. తెల్లబట్ట."

ఆ మాట ఆమె గొంతు తగ్గించకుండా అంది. బల్ల మీద కబుర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మందుల కిటికీ దగ్గర ఎవరో దగ్గుతున్న చప్పుడు వినబడింది. నేను తల వంచుకుని నా కాళ్ళ వంక చూసుకున్నాను. ఆ మాట నలుగురిలో పైకి అనగా నేను మొదటిసారి విన్నాను.

డ్రైవరు గారి భార్య తేరుకుంది. "ఈ వయసులో ఇంకా దేనికమ్మా మందు? ఎల్లడానికి మొగుడిల్లుందేటి?"

"దురద నాది గదా అప్పా. ఆడిది కాదు గదా."

అవతల కూర్చున్న ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకెవరో కిసుక్కుమన్నారు. నవ్వు అయ్యాక మాత్రం మా పక్కన ఉన్నవాళ్ళు కొంచెం కొంచెం దూరం జరిగారు. ఆ బల్ల మీద మా ఇద్దరికీ చాలా చోటు మిగిలింది. మా మేనత్త ఆ ఖాళీ చోటులో సంచీ పెట్టుకుని హాయిగా కూర్చున్నట్టు కూర్చుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

లోపలికి వెళ్ళి తలుపు వేశాక నిజం చెప్పింది. డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ, హిందీలో మాట్లాడేది. ఆమె మా మేనత్తను అడగలేదు, నన్నే అడిగింది. మొదట ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, దేనితో కడుగుతున్నావు, బట్టలు ఎక్కడ ఆరేస్తున్నావు. సోడా సంగతి, ఎముకల సంగతి చెప్పగానే కలం కింద పెట్టేసింది. కోప్పడుతుందనుకున్నాను. తన రెండు వేళ్ళు నా చేతికిచ్చి, నీ బలమంతా పెట్టి నొక్కు అంది. నొక్కాను. ఎముకలు కరిగిపోయిన పిల్ల ఇంత గట్టిగా నొక్కలేదు, నా వేళ్ళు చూడు అంది. ఎర్రబడి ఉన్నాయి. నాకు ఏడుపు వచ్చేసింది.

ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ కంఠస్థమే. నోట్లో ఉమ్మి ఊరుతుంది, కంట్లో నీరు ఊరుతుంది, అవి లేకపోతే నోరు ఎండుతుంది, కన్ను మండుతుంది. ఆడదాని ఒంట్లో ఇదీ అంతే. తనను తాను శుభ్రం చేసుకోవడానికి ఒళ్ళే దాన్ని తయారు చేసుకుంటుంది. నెలలో కొన్నాళ్ళు నీళ్ళలా, జిగురుగా, కొన్నాళ్ళు పాలలా చిక్కగా, నెలసరి ముందు కొంచెం ఎక్కువగా ఉంటుంది. బట్ట మీద ఆరితే పసుపుగా కనబడుతుంది. దానికి మందు అక్కర్లేదు, పథ్యం అక్కర్లేదు. లోపల కడగనక్కర్లేదు, బయట మామూలు నీళ్ళు చాలు. సోడా పోసి ఒంటికి కాపలా ఉన్నదాన్ని నువ్వే చంపుకున్నావు, దానికి తోడు తడి బట్టలు, బొగ్గు మసి. అందుకే ఈ దురద. దురద పుట్టినా, మంట పుట్టినా, చెడ్డ వాసన వచ్చినా, విరిగిన పాలలా వచ్చినా, ఆకుపచ్చగా వచ్చినా, నెల మధ్యలో రక్తం కనబడినా, పొత్తికడుపు నొప్పి పెట్టినా అప్పుడు నా దగ్గరకు రావాలి, ఇంట్లో దాక్కోకూడదు అంది. దురదకు మందు రాసిచ్చింది. ఎండకంటే మంచి మందు నా దగ్గర లేదు, ఆ బట్టలన్నీ ఎండలో వెయ్యి అని చివర్న అంది.

మేము లేవాలి. మా మేనత్త లేవలేదు. తనకు వచ్చిన హిందీలో మెల్లగా అడిగింది. అది ఉన్న ఆడదానికి పిల్లలు పుట్టరంటారు, నిజమేనా అని.

డాక్టరమ్మ కాదంది. అసలు పిల్లలు పుట్టడానికే ఆ జిగురు సాయం చేస్తుంది, అది లేకపోతేనే కష్టమంది.

"దురద నేకుండా, వాసన నేకుండా, వట్టి తెలుపే ఉంటే?" హిందీ మర్చిపోయి తెలుగులో అడిగేసింది. నేను హిందీలో చెప్పాను.

ఎవరికి, అంది డాక్టరమ్మ.

"ఒకామెకి. ముందటి మాట."

అయితే ఆమెకు ఆ తెలుపు వల్ల ఏ జబ్బూ లేదు, అంది డాక్టరమ్మ. పిల్లలు పుట్టకపోవడానికి వేరే కారణాలు చాలా ఉంటాయి, భర్తను కూడా పరీక్ష చేయాలి, ఆమెను ఒకసారి తీసుకురమ్మంది.

మా మేనత్త సంచీ తీసుకుని లేచింది. "రాదమ్మా. చానా దూరం ఎల్లిపోనాది" అంది. ఈ మాట నేను హిందీలో చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు యార్డు మీద కాలి వంతెన ఎక్కాం. సగంలో ఆమె ఆగిపోయింది. కింద గూడ్సు బండి షంటింగు అవుతోంది. పొగ మా మీదకు వచ్చి, పోయింది. ఆమె ముఖం చూద్దామంటే అటు తిరిగి ఉంది.

"డాక్టరమ్మ ఏటన్నాదో మళ్ళీ సెప్పు. నాకు హిందీ సరిగ్గా తెలీదు."

ఆమెకు తెలుసు. బజారులో కూరగాయలవాళ్ళతో ఛత్తీస్‌గఢీలో కూడా బేరమాడేది. అయినా చెప్పాను. ఆ ఒకామెకు ఏ జబ్బూ లేదంది అత్తా, అన్నాను. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను. అప్పుడు, "అచ్ఛా" అంది. అంతే అంది. కంటనీరు పెట్టలేదు. చీర కొంగుతో వంతెన కమ్మీ మీద మసి తుడిచింది, చాలా సేపు, అది తన వంటింటి గట్టు అయినట్టు.

నా ఆనందం నాకుంది. నేను చచ్చిపోవడం లేదు. దిగేటప్పుడు మెట్లు రెండేసి దూకాను. కింద నిలబడి చూస్తే ఆమె ఇంకా పైనే ఉంది, ఒక్కొక్క మెట్టే దిగుతోంది. ఒకే మాట విని ఇద్దరం ఒకే దారిన వచ్చాం. నాకు అది ముందున్న బతుకంతా ఇచ్చింది. ఆమెకు వెనక ఉన్న బతుకంతా పోయిందని చెప్పింది. ఇది నాకు అప్పుడు తెలియదు. చాలా ఏళ్ళు పట్టింది తెలియడానికి.

ఇంటికి వచ్చాక ఆమె కాళ్ళు కూడా కడుక్కోలేదు. తిన్నగా బొగ్గుల గదిలోకి వెళ్ళి ఆ తాడును పీకి, దాని మీద ఉన్నవన్నీ, నావి, అమ్మవి, తనవి, మళ్ళీ ఉతికి పట్టుకొచ్చింది. ఇంటి ముందు తీగ మీద నాన్న చొక్కాలను ఒక పక్కకు నెట్టి, మిగిలిన చోట వరసగా ఆరేసింది.

"మీ అన్నియ్య వొచ్చే ఏలైంది" అంది అమ్మ.

"రానీ. ఎండ పోకముందే ఆరాలి గదా."

నాన్న వచ్చాడు. తల వంచి తీగ కింద నుంచి దూరి లోపలికి వెళ్ళాడు. ఏమీ అనలేదు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఏమీ అనలేదు. అప్పట్లో నాకది మంచితనంగా కనబడింది. ఇప్పుడు తెలియడం లేదు. అత్తవారు తన చెల్లెల్ని రైలెక్కించి పంపించేసినప్పుడు కూడా ఆయన ఏమీ అనలేదు.

నా దురద వారం తిరిగేసరికి తగ్గింది. తెలుపు మాత్రం మామూలుగా వస్తూనే ఉంది, నేను దాని సంగతి మర్చిపోయాను. మళ్ళీ బడికి వెళ్ళాను. మా మేనత్తకు మాత్రం ఆ బల్ల మీద పుట్టిన మాట వదల్లేదు. వేసవిలో కాలనీలో ఆవకాయలన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళేవి. ఆ ఏడు ఎవరూ పిలవలేదు. వంటకు కూడా పిలవడం మానేశారు. ఆమె మధ్యాహ్నాలు వసారాలో ఒక్కతే కూర్చుని, ఎవరూ అడగని విసనకర్రలు అల్లేది. ఒకనాడు నేను ఉండబట్టలేక, ఆ జబ్బు నాదని అందరికీ చెప్పేస్తానన్నాను. ఆమె తల ఎత్తకుండానే, "అది జబ్బు కాదని ఇన్నావు గదే. నేని జబ్బు నీదని సెప్తావా, నాదని సెప్తావా?" అంది. అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వినంత సేపే తేలికగా ఉంది. తర్వాత ఆమె మళ్ళీ విసనకర్ర మీదకు వంగింది, నేను లోపలికి వచ్చేశాను.

ఆమె పోయి చాలా కాలమైంది. మా అమ్మా నాన్నా పోయారు. రైల్వేలోనే పనిచేసిన మా ఆయనా పోయారు. బిలాస్‌పూర్ పక్కనే ఉన్న ఉస్లాపూర్‌లో కొడుకు ఇంటి మేడ మీద గది నాది. వాళ్ళు డ్యూటీలకు, బళ్ళకు వెళ్ళిపోయాక సాయంత్రం దాకా ఈ గోడలతో నాకు మాటల్లేవు. నెలసరి ఆగిపోయిన చాలా ఏళ్ళకు, ఒక రోజు బట్ట మీద రక్తపు చుక్క కనబడింది. చెప్పడానికి ఇంట్లో ఆడమనిషి లేదు ఆ పూట. ఆటో ఎక్కి ఒక్కదాన్నే వెళ్ళాను. పరీక్షలు చేశారు, చెడ్డదేమీ లేదన్నారు. కాని ఆ వయసులో చుక్క కనబడ్డా ఆలస్యం చేయకూడదని, వచ్చి మంచి పని చేశావని ఆ డాక్టరు పిల్ల నా భుజం తట్టింది. ఎవరికమ్మా అని చీటీ రాసేవాడు అడిగితే నాకే అన్నాను. ఏమిటి అంటే అదీ చెప్పాను.

మేనత్తతో రైల్వే ఆస్పత్రికి వెళ్ళిన ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలింది ఇదే. ఎండ, నీళ్ళు, డాక్టరు, ఇవన్నీ ఇప్పటి పిల్లలకు ఫోనులో కూడా దొరుకుతాయి. నాతో ఉన్నది వేరు. ఒక మనిషి తన గురించి జీవితంలో మొదటిసారి మంచి మాట వింటూ, అది తన గురించేనని చెప్పుకోలేక, "ఒకామెకి" అంది. నా ఒంటి సంగతి నేను ఎప్పుడూ ఇంకొకామె మీద పెట్టి అడగలేదు. నా కూతుళ్ళనూ అడగనివ్వలేదు. మా మేనత్త అలా అడగాల్సి వచ్చింది గదా అని, ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు ఇప్పటికీ డాక్టరమ్మ మాట ఆమెకు మళ్ళీ చెబుతుంటాను.

అయిపోయిందమ్మా. తెల్లబట్ట అని నేను అన్నప్పుడల్లా నీ చెయ్యి ఒక క్షణం ఆగింది, నేను చూశాను. ఆ చోట నువ్వేం రాశావో నాకు తెలియదు. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. కిటికీ వెయ్యకు. ఆ మాట వచ్చిన దగ్గర గొంతు తగ్గించకు.